చెరువు మీదకి వెళ్లడం మానేసిన మనిషి: ఇది డిప్రెషనేనా, మాటలతో తగ్గుతుందా?

నరసాపురం దగ్గర ఒక ఊరి నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. వాళ్లాయనకి నలభై దాటాయి. లీజు చెరువుల్లో వనామీ రొయ్యల కల్చర్ చేస్తారు. వరసగా రెండు పంటలు వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బుకి పోయాయి. నాలుగైదు నెలలుగా మనిషి మనిషిలా లేరు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. కాళ్లు పీకుతున్నాయి, నీరసంగా ఉంది అంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రెండుసార్లు సెలైన్ ఎక్కించారు. అత్తగారు దిష్టి అంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లమంటున్నాడు. ఆ మాట ఎత్తితే ఆయన, "నాకేమైనా పిచ్చా? ఎవరితోనో మాట్లాడితే అప్పు తీరిపోద్దా?" అని కసిరారట. అసలిది డిప్రెషనేనా, మాటలతో వైద్యం అంటే ఏం చేస్తారు, ఆయన్ని ఎలా తీసుకెళ్లాలి అని అడిగారు. నేను క్లినికల్ సైకాలజిస్టుని, గోదావరి జిల్లాల్లోనే పనిచేస్తున్నాను. మీలాంటి ఇళ్లు నాకు కొత్త కాదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

అమ్మా, మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పేయడం పద్ధతి కాదు. కానీ మీరు రాసింది చదివాక, డాక్టరుకి చూపించడం ఇంకా వాయిదా వేయకూడదని మాత్రం గట్టిగా చెప్పగలను.

మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఒక చిన్న వాక్యం. పాపకి ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయని చెబితే "ఊఁ" అని అటు తిరిగి పడుకున్నారని రాశారు. పంట పోతే ఎవరికైనా బాధే. లక్షలు పోసిన చెరువు నాలుగు రోజుల్లో ఖాళీ అయిపోతే తిండి సయించదు, నిద్ర పట్టదు. అంతమాత్రాన అది జబ్బు కాదు. ఆ బాధలో ఉన్న మనిషి కూడా పిల్ల మార్కులు చూసి కాసేపు తేలికపడతాడు. పక్క చెరువు రైతు వచ్చి కూర్చుంటే ఒకరి కష్టం ఒకరు చెప్పుకుంటారు. సాయంత్రం సెంటర్లో టీ తాగి వస్తాడు. డిప్రెషన్‌లో ఇవేవీ పట్టవు. ఇష్టమైనది ఎదురుగా ఉన్నా ఇష్టం పుట్టదు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అనో, పట్టించుకోవట్లేదనో, మొండితనం అనో అనుకుంటారు. పిల్ల మనసు కష్టపెట్టుకుంటుంది. ఆయనకి మాత్రం లోపల ఏమీ అనిపించట్లేదు, ఆ అనిపించకపోవడమే ఆయన్ని ఇంకా భయపెడుతుంది.

డాక్టర్లు ముఖ్యంగా చూసేది రెండు విషయాలు: మనసు దిగులుగా ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం. ఈ రెండింట్లో కనీసం ఒకటి, రోజులో ఎక్కువ సేపు, దాదాపు ప్రతిరోజూ, కనీసం రెండు వారాల పాటు ఉండాలి. దానికి తోడు నిద్ర చెడటం, ఆకలి గానీ బరువు గానీ మారడం, సత్తువ లేకపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం, మాటా నడకా మందగించడం లేదా ఉన్నచోట ఉండలేకపోవడం, నేను పనికిరానివాణ్ని అనిపించడం, చావు ఆలోచనలు రావడం. మొత్తం తొమ్మిదిలో అయిదు ఉండి, వాటివల్ల పనులు ఆగిపోతుంటే డిప్రెషన్ అంటారు. ఏడుపు తప్పనిసరి కాదని గమనించండి. మన వైపు మగవాళ్లు నా దగ్గరికి వచ్చి "దిగులుగా ఉందండి" అనడం తక్కువే. నీరసం, కాళ్లు పీకడం, గ్యాస్, తల దిమ్ము, నడుం నొప్పి అంటారు. లేదంటే అయినదానికీ కానిదానికీ విసుక్కుంటారు, రాత్రి క్వార్టర్ కాస్తా హాఫ్ అవుతుంది. కసురు వెనకా మందు వెనకా డిప్రెషన్ ఉందేమో అని చూసేవాళ్లు ఇంట్లో ఎవరూ ఉండరు.

మూడింటికి మెలకువ రావడం, పొద్దున పూట మరీ బరువుగా ఉండి సాయంత్రానికి కాస్త కుదుటపడటం కూడా డిప్రెషన్‌లో తరచుగా కనిపించే తీరు. ఇది గుర్తుపెట్టుకోండి, ఆయనతో ఎప్పుడు మాట్లాడాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది.

పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటి ఉంది, తెలుగులోనూ ఉంది. గత రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎన్ని రోజులు ఉందో బట్టి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. సాధారణంగా 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుకి చూపించుకోమంటాం. అది జ్వరం చూసే థర్మామీటర్ లాంటిది, ఉందో లేదో చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. ఆఖరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా మొత్తం మార్కులతో పని లేదు, ఆ రోజే ఎవరికైనా చూపించాలి.

ఇది లోకంలో ఆయన ఒక్కరికే వచ్చింది కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సుమారు ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ పడ్డవాళ్లే. మీ ఊరి ఓటర్ల జాబితా తీసుకుని లెక్క వేసుకోండి.

ఆర్‌ఎంపీ గారిని నేను తప్పుపట్టను. అర్ధరాత్రి తలుపు కొడితే వచ్చేది ఆయనే. కానీ సెలైన్ సీసాతో ఒకట్రెండు రోజులు తేలికైనట్టు ఉండి మళ్లీ మొదటికొస్తుంది, ఆ లోపు నెలలు గడిచిపోతాయి. ఆ డబ్బుతో రక్తపరీక్షలు చేయించండి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బీ12 లోపించినా, షుగర్ అదుపు తప్పినా మనిషి అచ్చం ఇలాగే వాడిపోతాడు. కొన్ని మందుల వల్ల కూడా, ముఖ్యంగా స్టెరాయిడ్లు వాడుతుంటే, మనసు మారుతుంది. ఇవన్నీ పీహెచ్‌సీ డాక్టరు గారు చూడగలరు. ఇంకో సంగతి: మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చివ్వడం మన ఊళ్లలో అలవాటు. ఆల్ప్రాజోలం లాంటివి నిద్రపుచ్చుతాయి గానీ డిప్రెషన్ని తగ్గించవు, అలవాటు పడతాయి, మందు తాగినప్పుడు వేసుకుంటే ప్రమాదం కూడా.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది. రాయడానికి చేతులు రాలేదేమో. ఆయన ఎప్పుడైనా "నేను లేకపోతే మీరే సుఖంగా ఉంటారు" లాంటి మాట అన్నారా? పాస్‌బుక్కులు, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయో అకస్మాత్తుగా చెప్పడం మొదలుపెట్టారా? అలాంటిది ఉన్నా, లేకపోయినా, ఒకసారి నేరుగా అడగండి: "ఏవండీ, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. అలా పుట్టదు. అడిగినప్పుడు చాలామంది ఒక పెద్ద బరువు దించుకున్నట్టు ఏడుస్తారు. ఆయన అవునంటే ఒట్టు వేయించుకోవద్దు, తిట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు, చెరువు మందులు ఇంట్లోంచీ చెరువు షెడ్డులోంచీ తీసేసి నమ్మకమైన వాళ్ల దగ్గర తాళం వేసి ఉంచండి. ఆయన అవునన్నా కాదన్నా ఆ పని ఈ రోజే చేయండి. ఆ గడ్డు గంట దాటించగలిగితే చాలామంది బతికి బట్టకడతారు. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. అప్పటికప్పుడు ప్రాణాపాయం అనిపిస్తే మాత్రం 108కి చేసి ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి. పోలీసు కేసవుతుందని వెనకాడకండి. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, సాధారణంగా శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఇప్పుడు ఆయన ప్రశ్నకి వద్దాం. మాట్లాడితే అప్పు తీరదు. ఆయన అన్నది నిజమే, ఆ విషయంలో ఆయనతో వాదించకండి. థెరపీ అంటే ఎవరో కూర్చుని ధైర్యం చెప్పడం అని ఆయన అనుకుంటున్నారు. ధైర్యం చెప్పేవాళ్లు ఊళ్లో బోలెడుమంది ఉన్నారు, ఈ అయిదు నెలల్లో అందరూ చెప్పే ఉంటారు. దాంతో తగ్గేదైతే ఈపాటికి తగ్గిపోయేది.

థెరపీ గదిలో జరిగేది ఎలా ఉంటుందో, ఇలాంటి రొయ్య రైతు ఒకాయన వచ్చాడనుకుని చెబుతాను. వారానికి ఒకసారి, ముప్పావుగంట నుంచి గంట. మొదటిసారి దాదాపు అంతా వినడమే: ఎప్పుడు మొదలైంది, నిద్ర, తిండి, మందు అలవాటు, అప్పులు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇంతకుముందు ఇలా వచ్చిందా. తర్వాతి సిట్టింగ్‌కి ఒక చిన్న నోటు పుస్తకం వస్తుంది. నిన్న గంట గంటకీ ఏం చేశారు, అప్పుడు మనసు పదికి ఎంత. ఆయన రాసుకొచ్చింది ఇలా ఉంటుంది: ఆరింటికి మంచం మీదే, 1. తొమ్మిదింటికి మంచం మీదే, 1. పదకొండింటికి మేత డీలరు ఫోన్, ఎత్తలేదు, ఫోన్ బోర్లా పెట్టాను, 0. అయిదింటికి పాప టీ తెచ్చింది, అరుగు మీద కూర్చున్నాను, 3.

ఆ 3 దగ్గర ఆగుతాం. రోజంతా ఒకేలా నల్లగా ఉందని వచ్చిన మనిషికి తన చేతిరాతలోనే ఒక తేడా కనిపిస్తుంది. వచ్చే వారం పని అదే: రోజూ అయిదింటికి అరుగు మీద కూర్చోవడం. ఆ తర్వాత వారం చెరువు గట్టు దాకా నడిచి రావడం, ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే మిషను) ముట్టుకోనక్కర్లేదు, నీళ్లు చూడనక్కర్లేదు. "కాస్త బాగయ్యాక వెళ్తానండి" అంటారు అందరూ. డిప్రెషన్‌లో వరస తిరగబడి ఉంటుంది, ముందు కాలు కదిలితేనే తర్వాత మనసు కదులుతుంది. అందుకే పని అంత చిన్నగా కోసి ఇస్తాం. రాయడం రానివాళ్లకి నోటితోనే చెప్పిస్తాం, పాప రాసిపెట్టినా సరే.

తర్వాత ఆలోచనల మీదకి వస్తాం. "నేనే అందర్నీ ముంచేశాను" అంటాడు. ఏం జరిగిందో వరసగా చెప్పమంటే అదే కాలువ నీళ్లు పెట్టుకున్న పక్క చెరువులు కూడా పోయాయని తేలుతుంది. వైట్‌స్పాట్ వైరస్, వచ్చాక దానికి మందు లేదు. సరే, సీడుకి, అంటే చెరువులో వేసే రొయ్య పిల్లలకి, వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ టెస్టు చేయించలేదు, అది నిజంగానే పొరపాటు. దాన్ని తుడిచేయం. ఆ పొరపాటు "వచ్చే పంటకి టెస్టు చేయించాలి" అనే సైజులో ఉండాలి, "నేను బతకడం దండగ" అనే సైజుకి పెరిగిపోయింది. ఆ రెండింటి మధ్య దూరాన్ని ఆయనే చూడాలి, మేం చెబితే నమ్మడు. ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1960లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది, సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు.

అప్పు సంగతి ఆ తర్వాత వస్తుంది, తప్పకుండా వస్తుంది. కాగితం మీద బ్యాంకు, మేత డీలరు, బంగారం మీద తెచ్చింది, చేబదుళ్లు అన్నీ విడివిడిగా రాయిస్తాం. వడ్డీ ఎంత, ఎవరు ఒత్తిడి చేస్తున్నారు, ఎవరితో మాట్లాడితే గడువు దొరుకుతుంది. ఫోన్ ఎత్తకపోవడం వల్ల డీలరుకి కోపం పెరుగుతుంది, ఆ కోపం భయంతో ఇంకో ఫోన్ ఎత్తరు. ఆ ముడి ఎక్కడో ఒకచోట విప్పాలి. ముందుగా కాస్త మెత్తగా ఉండే మనిషికి ఒక్క ఫోన్, ఏం మాట్లాడాలో ఇక్కడే సాధన చేసి. అప్పు అప్పుగానే ఉంటుంది. కానీ దాని ఎదురుగా కూర్చుని లెక్క చూడగలిగే మనిషి మళ్లీ తయారవుతాడు.

థెరపీలు ఇంకా ఉన్నాయి. దగ్గరివాళ్లు పోయినప్పుడు, కాన్పు తర్వాత, గల్ఫ్‌లో ఏళ్లు పనిచేసి వచ్చి సొంతింట్లోనే చుట్టంలా మిగిలిపోయిన ఆడవాళ్లకి, సంబంధాల మీద పనిచేసే ఐపీటీ (ఇంటర్‌పర్సనల్ థెరపీ) బాగా సరిపోతుంది. అది వేరే సందర్భం, ఇక్కడ పొడిగించను.

చదువుకున్న పట్నం వాళ్లకే ఇది పనిచేస్తుందని కొందరి అనుమానం. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం పీహెచ్‌సీలకి వచ్చే మామూలు జనం మీదే దీన్ని పరీక్షించింది. సైకాలజీ చదవని స్థానికులకి శిక్షణ ఇచ్చి, ఇందాక చెప్పిన నోటు పుస్తకం తరహా పద్ధతితో ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు చేయించారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ల కన్నా వీళ్లు మెరుగయ్యారు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. గోవా పల్లెల్లో కుదిరింది ఆచంట, మొగల్తూరుల్లో కుదరదని నేననుకోను.

మాత్రల సంగతి. తేలికపాటి డిప్రెషన్‌కి మాటల వైద్యం ఒక్కటే సరిపోవచ్చు. ఆయన తిండీ నిద్రా పనీ మూడూ దెబ్బతిన్నట్టుంది కాబట్టి సైకియాట్రిస్టు రెండూ కలిపి చేయమనే అవకాశం ఎక్కువ. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి మందులు పనిచేయడం మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పడం, చికాకు ఉండొచ్చు, సరిగ్గా అప్పుడే చాలామంది మానేస్తారు. నిద్రమాత్రల్లా ఇవి వ్యసనం కావు, కానీ ఒక్కసారిగా ఆపకూడదు. బాగయ్యాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఒక విషయం మర్చిపోకుండా డాక్టరుకి చెప్పండి: గతంలో ఎప్పుడైనా ఆయన రోజుల తరబడి నిద్ర లేకుండానే విపరీతమైన హుషారుగా, ఆపకుండా మాట్లాడుతూ, విచ్చలవిడిగా ఖర్చుపెట్టి ఉంటే అది బైపోలార్ అనే వేరే జబ్బు కావచ్చు. దానికి మందులు వేరు.

ఎక్కడికి వెళ్లాలంటే, ప్రభుత్వంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీ. కోనసీమ వాళ్లకి కాకినాడ జీజీహెచ్ ఉంది, మీ వైపు ఏలూరులో ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లు మీకు దగ్గర్లో ఏ రోజు వస్తారో పీహెచ్‌సీలో గానీ ఆశా కార్యకర్తని గానీ అడగండి. 14416లో కూడా అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు. ప్రైవేటులో థెరపీ కావాలంటే బోర్డు చూసి వెళ్లిపోకండి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ శిక్షణ పొందినవాళ్లు కారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగొచ్చు. అడిగితే కోప్పడేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. మూడు సిట్టింగుల్లో గ్యారంటీ అన్నా, గంటసేపూ వాళ్లే నీతులు చెప్పినా, ఆయన చెప్పినవన్నీ మీకు పూసగుచ్చినట్టు చెప్పేసినా అంతే. ఆయన మాటలు ప్రాణాపాయం ఉంటే తప్ప గది దాటకూడదు, మీ దగ్గరికి కూడా. వీడియోలో మాట్లాడే థెరపీ కూడా పనికొస్తుంది, అయితే ఉమ్మడి ఇంట్లో గోడలకి చెవులుంటాయి. నా దగ్గర మాట్లాడేవాళ్లలో కొందరు బండి తీసుకుని కాలువ గట్టు మీదకి వెళ్లి కూర్చుంటారు. బస్టాండ్ దగ్గర క్లినిక్ మెట్లెక్కుతుంటే తెలిసినవాళ్లు చూస్తారన్న బెంగ కూడా అలా తప్పుతుంది.

తీసుకెళ్లడం ఎలాగంటే, కౌన్సెలింగ్ అన్న మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పొద్దున్నే ఎత్తొద్దు, సాయంత్రం టీ తాగాక, చుట్టాలు లేనప్పుడు చెప్పండి. "మూడింటికి లేచి కూర్చుంటున్నారు, అయిదు నెలలైంది, నిద్ర కోసం ఒకసారి పెద్ద డాక్టరుకి చూపించుకుందాం, నేనూ వస్తాను" అనండి. ఇందులో అబద్ధం లేదు, నిద్ర చెడటం ఆ జబ్బులో భాగమే. మీ మాట వినకపోతే ఆయన ఎవరి మాట కొట్టేయరో చూడండి. మేనమామ కావచ్చు, ఒకప్పుడు కలిసి కల్చర్ చేసిన స్నేహితుడు కావచ్చు. ఆ ఒక్కరికే చెప్పండి, పదిమందికీ కాదు. "నీకేం తక్కువ, లేచి తిరుగు", "ఫలానావాడికి నీకంటే ఎక్కువ పోయింది" లాంటి మాటలు ఆయన చెవిన పడకుండా చూడండి. ఎంతకీ రానంటే మొదటిసారి మీరే వెళ్లండి. ఇంట్లోవాళ్లు ఒక్కరే రావడం మాకు మామూలే. అన్నట్టు, అయిదు నెలలుగా మీరెలా నిద్రపోతున్నారో మీ ప్రశ్నలో ఒక్క ముక్క లేదు. అది కూడా అక్కడ చెప్పండి.

అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, చర్చిలోనో గుళ్లోనో ప్రార్థన చేయిస్తానన్నా కాదనొద్దు. ఆవిడకీ కొడుకు మీద బెంగే. ఆవిడతో గొడవ ఈ నెలలో వద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు మాత్రం మారకూడదు. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, ఆర్‌ఎంపీ గారు రాసిన చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. మందు ఎంత తాగుతున్నారో తగ్గించి చెప్పకండి. నాలుగైదు సిట్టింగులయ్యాక కూడా నిద్రలో, తిండిలో, మాటలో ఏ కాస్తా తేడా లేకపోతే ఆ సంగతి థెరపిస్టుతోనే నేరుగా అనండి. పద్ధతి మార్చడమో, మాత్రలు కలపడమో, వేరేవాళ్ల దగ్గరికి పంపడమో చేస్తారు.